వ్యక్తిగత పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు

ఒక మనిషి తన పేరు మీద, తనకు నచ్చిన తీరులో అంతర్జాలంలో కట్టుకునే చోటును వ్యక్తిగత వెబ్‌సైటు అంటారు. అందులో చేసిన పనుల నమూనాలు ముందువరసలో ఉంటే అది పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటు. చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, ఆర్కిటెక్టులు, ప్రోగ్రామర్లు, అనువాదకులు, పరిశోధకులు, సంగీతం చేసేవాళ్లు ఇలా పని చూపించి పని తెచ్చుకోవలసిన వాళ్లందరికీ ఇప్పుడిది మామూలు అవసరం. ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే రెజ్యూమె ఎవరి చేతికి వెళ్తుందో పంపినవాళ్లకు తెలుసు. వెబ్‌సైటుకు ఎవరు, ఏ దేశం నుంచి, ఏ వేళప్పుడు వస్తారో తెలియదు. అందుకే అది తలుపు తీసిపెట్టిన ఇంటిలా తయారవుతుంది. వచ్చినవాళ్లు ముందుగదిలో పెట్టినవి చూస్తారు, గోడకు ఏం తగిలించారో చూస్తారు, ఇల్లు సర్దుకున్న తీరునుబట్టి ఇంటివాళ్ల సంగతి కొంత ఊహిస్తారు. ఆ ఊహ ఎంతవరకు నిజమవుతుంది, ఏ గుర్తుల మీద ఆధారపడుతుంది అన్నదే ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న.

పోర్ట్‌ఫోలియో అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. కాగితాలు మోసుకెళ్లే సంచి అని దాని మూలార్థం. చిత్రకారులు, శిల్పులు తమ పని చూపడానికి వెంట తీసుకుపోయే అట్టల సంచికి ఆ పేరు స్థిరపడింది. పనికోసం తనను తాను పరిచయం చేసుకున్న పాత ఉదాహరణల్లో తరచు చెప్పేది లియొనార్డో డావిన్చీ 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడొవీకో స్ఫోర్జాకు రాసిన ఉత్తరం. అందులో ఆయన తేలికైన వంతెనలు కట్టగలననీ, ఫిరంగులు చేయగలననీ, కోటలు ముట్టడించే ఉపాయాలు తెలుసుననీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చి, శిల్పం, చిత్రకళ సంగతి చివర్లో ఎత్తాడు. యుద్ధాల్లో మునిగివున్న ప్రభువుకు ఏది కావాలో అది ముందు పెట్టాడన్నమాట. చదివేవాళ్లను బట్టి వరస మారుతుంది. ఆ వరసలోనే రాసినవాడి లౌక్యం, ఆత్మవిశ్వాసం రెండూ బయటపడతాయి.

తొలి ఇళ్లు

టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో వెబ్ ఆలోచనను ప్రతిపాదించాడు. 1991 ఆగస్టులో దాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ ఏడే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ బ్రౌజరు వచ్చింది. అక్షరాల పక్కనే బొమ్మ కనబడడం దానితోనే జనానికి అలవాటైంది. ఈ రెండూ జరగకపోతే వెబ్ శాస్త్రవేత్తల దస్తావేజుల అరగా మిగిలిపోయేదేమో. జరిగినందువల్ల విశ్వవిద్యాలయాల్లో కంప్యూటరు అందుబాటులో ఉన్న విద్యార్థులు వెంటనే తమ గురించి పేజీలు కట్టడం మొదలుపెట్టారు.

వాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు జస్టిన్ హాల్. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కళాశాలలో చదువుతూ 1994 జనవరిలో సొంత సైటు మొదలుపెట్టాడు. తనకు నచ్చిన లింకుల జాబితాగా మొదలైనది తన కథగా మారింది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న సంగతి, స్నేహాలు, ప్రేమలు, భయాలు అన్నీ అందులో రాశాడు. ఏ పదంలోనైనా లింకు ఉండవచ్చు, ఆ లింకు అతని జీవితంలోని ఇంకో గదిలోకి తీసుకుపోతుంది. పుస్తకంలో ఆత్మకథ మొదటినుంచి చివరికి నడుస్తుంది. ఇతని ఆత్మకథలో ఏ తలుపు తీసి లోపలికి వెళ్లాలో చదివేవాళ్లే నిర్ణయించుకున్నారు. వెబ్‌కు మాత్రమే సాధ్యమైన ఆత్మకథారూపం అది.

విద్యార్థులు కానివాళ్లకు ఆ అవకాశం జియోసిటీస్ ఇచ్చింది. డేవిడ్ బొనెట్, జాన్ రెజ్నర్ 1994లో కాలిఫోర్నియాలో బెవర్లీ హిల్స్ ఇంటర్నెట్ పేరుతో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఎవరడిగినా కొంత జాగా ఉచితంగా ఇచ్చింది. దాన్ని పేటల వారీగా పంచడం వాళ్ల తెలివి. సినిమా ఇష్టమైనవాళ్లు హాలీవుడ్‌లో, సంగీతం వాళ్లు సన్‌సెట్ స్ట్రిప్‌లో, కంప్యూటర్ల వాళ్లు సిలికాన్ వ్యాలీలో, సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఏరియా 51లో, తత్వం, సాహిత్యం, చదువుల వాళ్లు ఏథెన్స్‌లో స్థలం తీసుకునేవారు. ప్రతి స్థలానికి ఇంటినెంబరు. మన పాత ఊళ్లలో పేట పేరు చెబితే ఇంటివాళ్ల వృత్తి సగం తెలిసిపోయినట్టు, అక్కడ చిరునామా చదివితేనే మనిషి అభిరుచి అర్థమయ్యేది.

ఆ ఇళ్లు ఎలా ఉండేవి? నల్లటి ఆకాశంలో నక్షత్రాలు మెరిసే నేపథ్యం, పార పట్టుకుని తవ్వుతున్న మనిషి బొమ్మతో "పని జరుగుతోంది" అన్న బోర్డు, పేజీ తెరవగానే మోగే మిడి సంగీతం, ఎంతమంది వచ్చారో లెక్కచెప్పే మీటరు, వచ్చినవాళ్లు సంతకం చేసే అతిథుల పుస్తకం, ఒకే ఇష్టం ఉన్నవాళ్ల సైట్లను గొలుసులా కలిపే వెబ్‌రింగు. వృత్తి డిజైనర్లు ఆ రోజుల్లోనే వీటిని చూసి ముఖం చిట్లించారు. ఒల్యా ల్యాలినా అనే రష్యన్ కళాకారిణి మాత్రం 2005లో రాసిన వ్యాసంలో దీన్ని వెబ్ తాలూకు జానపద భాషగా గుర్తించింది. ఎవరూ నేర్పకుండా, ఒకరిని చూసి ఒకరు, దొరికిన సామగ్రితో కట్టుకున్న శైలి అని ఆమె భావన. ఆ మాట నాకు సబబుగా తోస్తుంది. వాకిట్లో ముగ్గు వేసేవాళ్లు చుక్కల లెక్క పక్కింటివాళ్ల దగ్గరే నేర్చుకుంటారు. అయినా ఏ రెండు ఇళ్ల ముందూ ముగ్గు ఒక్కలా ఉండదు.

1999 జనవరిలో జియోసిటీస్‌ను సుమారు 360 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు యాహూ ప్రకటించింది. పేటలు, ఇంటినెంబర్లు పాతబడిపోయాయి. అక్కడివాళ్లు పెట్టిన రాతలు, బొమ్మల మీద కంపెనీకి హక్కులు కట్టబెట్టే నిబంధన ఆ ఏడే తెచ్చినప్పుడు నివాసులు గొడవ చేశారు, యాహూ వెనక్కి తగ్గింది. పదేళ్ల తర్వాత, 2009 అక్టోబరులో, యాహూ అమెరికాలోని జియోసిటీస్‌ను పూర్తిగా మూసేసింది. జపాన్ శాఖ 2019 మార్చి 31 దాకా బతికింది. మూసేసే ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో పాటు, జేసన్ స్కాట్ నడిపించిన ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద సేవకులు రాత్రింబవళ్లు పేజీలను దించి పెట్టారు. ఆ మూట 2010లో అందరికీ విడుదలైంది. ల్యాలినా, డ్రాగన్ ఎస్పెన్‌షీడ్ కలిసి ఆ సుమారు టెరాబైట్ సరుకును తవ్వి, ఒక్కో పేజీ ఆనాటి తెర మీద ఎలా కనబడేదో అలా బొమ్మలుగా తీసి ప్రచురిస్తూ వచ్చారు. పెంపుడు కుక్క చనిపోయిందని కట్టిన పేజీ, కొత్తగా పుట్టిన బిడ్డకోసం కట్టిన పేజీ, ఎవరికీ తెలియని పాటగాడి మీద ప్రేమతో కట్టిన పేజీ అందులో ఉన్నాయి. వాటి యజమానులెవరో ఇప్పుడు తెలియకపోయినా వాళ్ల గొంతు మాత్రం వినబడుతూనే ఉంటుంది.

కిరాయి గదులు

2000 తర్వాత పరిస్థితి రెండు దిక్కులకు లాగింది. ఒకపక్క రాయడం సులువైంది. 1999లో బ్లాగర్, 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చాయి. 2003లోనే మొదలైన మైస్పేస్‌లో సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ముక్కలు అతికించి సొంత పేజీ రంగురూపాలు మార్చుకోవడం కుదిరేది. చాలామంది యువతీయువకులు కోడ్ రాయడం అక్కడే మొదట నేర్చుకున్నారు. రెండోపక్క 2004లో వచ్చిన ఫేస్‌బుక్ అందరికీ ఒకే నీలితెలుపు గది ఇచ్చింది. లింక్డిన్ ఉద్యోగ చరిత్రను ఒకే అచ్చులో పోసింది. ఫొటో ఎక్కడ ఉండాలి, పేరు ఎంత పెద్దగా ఉండాలి, ఏ గడిలో ఏం నింపాలి అన్నవి మనిషి చేతిలోంచి పోయాయి. గడులు నింపడం సుఖంగానే ఉంటుంది. కానీ ఆ గడుల్లో పట్టనిది చెప్పడానికి చోటు లేదు.

ల్యాలినా ఇంకో వ్యాసంలో ఈ మార్పును రెండు చిన్న మాటలకు కుదించింది. మొదట్లో జనం "నా" పేజీ, "నా" పిల్లి, "నా" పాటలు అని కట్టారు. ఆ తర్వాత "నేను" అనే ప్రొఫైల్ మిగిలింది. "నా" అన్నప్పుడు మనిషి తనకు బయట ఉన్న దేన్నో ప్రేమించి చూపిస్తాడు. "నేను" అన్నప్పుడు చూపించడానికి ముఖం ఒక్కటే ఉంటుంది. వ్యక్తిత్వం గురించిన చర్చలో నేను ఎక్కువగా ఒప్పుకునే మాట ఇదే. మనిషి దేన్ని పట్టించుకుంటాడో చూస్తే ఆ మనిషి తెలుస్తాడు.

డిజైనర్లకోసం బిహాన్స్, డ్రిబుల్ వంటి వేదికలు వచ్చాయి. 2012లో అడోబీ బిహాన్స్‌ను కొనుక్కుంది. కోడ్ రాయకుండా సైటు కట్టే స్క్వేర్‌స్పేస్, విక్స్ వంటి సేవలూ, కోడ్ రాసేవాళ్లకు ఉచితంగా చోటిచ్చే గిట్‌హబ్ పేజెస్సూ వచ్చాయి. వీటివల్ల సొంత సైటు ఖర్చు బాగా తగ్గింది, అందంగా కనబడడం తేలికైంది. అయితే ఒకే టెంప్లేటులో పేరు, ఫొటో మార్చిన సైట్లు వేలల్లో పుట్టుకొచ్చాయి. పెద్ద అక్షరాల్లో "హలో, నేను ఫలానా", దాని కింద నాలుగు పనుల చదరపు బొమ్మలు, నైపుణ్యాలు ఇన్ని శాతం అని చూపే గీతలు. ఒక భాషలో 85 శాతం నైపుణ్యం అంటే దేనితో కొలిచారో చూపినవాళ్లకూ తెలియదు, చూసినవాళ్లకూ తెలియదు.

దీనికి ఎదురుగా ఒక ఉద్యమం కూడా నడుస్తోంది. 2011లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన ఇండీవెబ్ శిబిరాల సూత్రం చిన్నది. రాసింది ముందు సొంత చోట ప్రచురించు, తర్వాత దాని ప్రతిని మిగతా వేదికలకు పంపు. 2013లో కైల్ డ్రేక్ జియోసిటీస్ జ్ఞాపకంగా నియోసిటీస్ స్థాపించాడు. వర్జీనియాలోని మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు సొంత డొమైను (వెబ్ చిరునామా), చోటు ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. చదువు అయిపోయాక విద్యార్థి తన సైటును తనతో తీసుకుపోవచ్చు.

చూసేవాళ్లు ఏం గ్రహిస్తారు?

మనిషి నలుగురి ముందు తనను తాను ఎలా ప్రదర్శించుకుంటాడో సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1950లలోనే నాటకరంగం పోలికతో వివరించాడు. వేదిక మీద ఒక తీరు, తెరవెనక ఒక తీరు. ఆ లెక్కన వ్యక్తిగత వెబ్‌సైటు పూర్తిగా వేదికే. ప్రతి ముక్కా ఆలోచించి పెట్టినదే. మరి అలాంటిచోట నిజమైన మనిషి కనబడతాడా?

ఈ ప్రశ్నను టెక్సస్ విశ్వవిద్యాలయంలో సిమీన్ వజీర్, శామ్యూల్ గాస్లింగ్ పరీక్షకు పెట్టారు. వాళ్ల పరిశోధన 2004లో వచ్చింది. 89 వ్యక్తిగత వెబ్‌సైట్లను, వాటి యజమానులను ఏమాత్రం ఎరగని పరిశీలకులకు చూపించి, ఒక్కొక్కరి స్వభావం ఎలాంటిదో అంచనా వేయమన్నారు. ఆ అంచనాలను యజమానులు తమ గురించి చెప్పుకున్నదానితో, వాళ్లను బాగా తెలిసినవాళ్లు చెప్పినదానితో పోల్చారు. అంచనాలు చాలావరకు సరిపోయాయి. అన్నిటికన్నా బాగా దొరికిన గుణం కొత్త ఆలోచనలకు, అనుభవాలకు మనసు తెరిచి ఉంచుకోవడం. కలుపుగోలుతనం, మంచితనం విషయాల్లో మాత్రం యజమానులు తాము ఎలా ఉండాలనుకుంటున్నారో ఆ వైపుకు కొంత జరిగారు. అంటే వెబ్‌సైటు కట్టినవాళ్లు తమ ఆసక్తులను దాచలేకపోయారు. తమ స్నేహశీలతను మాత్రం ఒక పిసరు పెంచి చూపగలిగారు.

గాస్లింగ్ అంతకు రెండేళ్ల ముందు పడకగదులు, ఆఫీసు గదులు చూసి వాటిలో ఉండేవాళ్ల స్వభావం చెప్పగలమా అని పరిశోధించాడు. అక్కడ ఆయన చేసిన విభజన వెబ్‌సైట్లకూ పనికొస్తుంది. గదిలో గుర్తులు రెండు రకాలు. కావాలని పెట్టుకున్నవి ఒకటి: గోడమీద పోస్టరు, బల్లమీద పతకం. ఇవి "నేనిలాంటివాణ్ణి" అనే ప్రకటనలు. అలవాటు వదిలిపోయిన జాడలు రెండోది: సర్దిన పుస్తకాల వరస, సగం తాగిన కాఫీ కప్పు, ఎండిన మొక్క. వెబ్‌సైటులో మొదటిరకం ఎక్కువ. రెండోరకం తక్కువైనా ఉంటుంది, చూడడం తెలిసినవాళ్లు దాన్నే చూస్తారు. మూడేళ్లుగా మారని "తాజా వార్తలు", పనిచేయని లింకు, ప్రతి బొమ్మకింద ఓపిగ్గా రాసిన వివరణ, కలిసి పనిచేసినవాళ్ల పేర్లు చెప్పడం లేదా చెప్పకపోవడం ఇవన్నీ జాడలే. "నేను వివరాలమీద శ్రద్ధ పెడతాను" అని రాసిన వాక్యంలో అక్షరదోషం ఉంటే ఏ గుర్తు గెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

వ్యక్తిత్వం ఎక్కడ ఉంటుంది

రూపంలో ఎంత చేయవచ్చో చూపడానికి 2003లో కెనడా డిజైనరు డేవ్ షే సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు పెట్టాడు. అందులో పాఠం ఒక్కటే, హెచ్‌టీఎంఎల్ ఒక్కటే. ఎవరికి వాళ్లు సీఎస్‌ఎస్ మాత్రం రాసి పంపాలి. అదే పాఠం ఒకరి చేతిలో జపాన్ తోటయింది, ఇంకొకరి చేతిలో సముద్రగర్భమైంది. ఒక తరం వెబ్ డిజైనర్లకు అది బడి.

పోర్ట్‌ఫోలియోల్లో ఆ దారిని చివరంటా నడిచినవాళ్లున్నారు. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో సిమోన్ 2019లో పెట్టిన సైటులో పేజీలుండవు. చిన్న బొమ్మకారు ఉంటుంది. దాన్ని నడుపుకుంటూ అతని పేరులోని అక్షరాలను ఢీకొట్టవచ్చు, బౌలింగ్ పిన్నులను పడగొట్టవచ్చు, పనులన్న బోర్డు దగ్గర ఆగి చూడవచ్చు. త్రీడీ వెబ్ అతని వృత్తి. కాబట్టి "నాకిది వచ్చు" అని అతను రాయనవసరం లేకపోయింది. రాబీ లియొనార్డి అనే డిజైనరు తన రెజ్యూమెను పాత వీడియోగేములా మార్చాడు. పేజీ జరిపేకొద్దీ బొమ్మమనిషి పరిగెత్తుతూ ఒక్కో దశలో ఒక్కో నైపుణ్యం చూపిస్తాడు. అమెరికా డిజైనరు లిన్ ఫిషర్ ఏటా తన సైటును కొత్తగా కడుతుంది, పాతవాటిని పారేయకుండా దాచి చూపుతుంది. బ్రౌజరు కిటికీ వెడల్పు మార్చేకొద్దీ బొమ్మ మారిపోయే ఆమె పేజీలు చూస్తే పనిలో ఆమెకున్న సంతోషం అర్థమవుతుంది.

వీటిని చూసి ప్రతివాళ్లూ కారు బొమ్మ పెట్టాలనుకుంటే పొరపాటు. అనువాదకురాలి సైటులో కారు ఏం చెప్తుంది? ఆమె దగ్గర చెప్పడానికి వేరే ఉంది. ఒక వాక్యానికి ప్రయత్నించిన మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు ఉంచిందో రెండు మాటల్లో రాస్తే చదివేవాళ్లు ఆమె బుర్రలోకి తొంగిచూసినట్టే. ఆర్కిటెక్టు అయితే పూర్తయిన భవనం మెరిసే ఫొటోకన్నా స్థలం ఒంపును బట్టి మెట్లు ఎటు తిప్పాలో తేల్చుకున్న పెన్సిలు గీతలు ఎక్కువ చెప్తాయి. ప్రోగ్రామరు తాను రాసిన కోడ్ ఎక్కడ విఫలమైందో, ఏది పక్కన పెట్టాల్సివచ్చిందో రాస్తే అతనితో కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. పనిని చూపడం ఒక ఎత్తు, పనిలో తీసుకున్న నిర్ణయాన్ని చూపడం ఇంకో ఎత్తు. వ్యక్తిత్వానికి గట్టి ఆధారం ఆ రెండోదే.

ఏం వదిలేశారన్నదీ అంతే. ఇరవై పనులు కుక్కిన సైటులో ఏదీ మనసులో నిలవదు. ఆరు పెట్టినవాళ్లు మిగతా పద్నాలుగింటినీ వద్దనుకోగలిగారు. ఆ వద్దనుకోవడంలోనే వాళ్ల అభిరుచి ఉంది.

ఇటీవలి కాలంలో రెండు అలవాట్లు ఈ సైట్లకు ప్రాణం పోశాయి. డెరెక్ సివర్స్ 2015లో ప్రచారంలోకి తెచ్చిన "ఇప్పుడు" పేజీ ఒకటి. చాలారోజులకు కలిసిన స్నేహితుడు ఏం చేస్తున్నావని అడిగితే ఏం చెప్తామో అదే ఆ పేజీలో రాస్తారు. రెండోది "డిజిటల్ తోట". మైక్ కాల్‌ఫీల్డ్ 2015 నాటి ప్రసంగంలో ప్రవాహానికీ తోటకూ తేడా చెప్పాడు. సోషల్ మీడియా ప్రవాహం. నిన్నటి మాట కొట్టుకుపోతుంది. తోటలో మాత్రం నాటిన ఆలోచన దగ్గరికి మళ్లీ వెళ్లి నీళ్లు పోయవచ్చు, కొమ్మలు కత్తిరించవచ్చు. ఇలాంటి సైట్లలో వ్యాసానికి తేదీతో పాటు ఇది మొలక, ఇది చెట్టు అని ఆలోచన ఎంత ఎదిగిందో కూడా రాస్తారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడని మనిషి అక్కడ కనబడతాడు.

తెలుగులో సొంత చోటు

తెలుగు కవి తనను పరిచయం చేసుకునే పద్ధతి పాతది. కావ్యానికి అవతారిక, ప్రతి ఆశ్వాసం చివర గద్య ఉండేవి. పోతన భాగవతంలో స్కంధాంత గద్యలో తండ్రి కేసన పేరు చెప్పి, తన పాండిత్యం సహజమైనదని చెప్పుకున్నాడు. రెండు మూడు పంక్తుల్లో వంశం, దైవభక్తి, ఆత్మగౌరవం అన్నీ ఇమిడిపోతాయి. ఇప్పటి "నా గురించి" పేజీ రాసే తెలుగువాళ్లు తరచు తడబడేది ఇక్కడే. తన గొప్ప తాను చెప్పుకోకూడదన్న పెంపకం ఒకవైపు, చెప్పుకోకపోతే పని రాదన్న లోకం ఒకవైపు. ఇంగ్లిషు నమూనాల్లోని విశేషణాలు దించుకుంటే నోట్లో నలగని మాటలవుతాయి. ఏం చేశారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్తే చాలు, గొప్ప దానంతటదే తెలుస్తుంది.

పేరు కూడా చిన్న సమస్య కాదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. విదేశీ ఫారాలు దాన్ని తలకిందులు చేస్తాయి. ఇంటిపేరు ఇనిషియల్‌గా కుంచించుకుపోతుంది. "లక్ష్మి"ని లాటిన్ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాయవచ్చు. డొమైను పేరు కొనేటప్పుడు ఏ వర్ణక్రమం ఎంచుకున్నారో అదే మనిషికి లోకంలో స్థిరపడే పేరవుతుంది. సొంత సైటులో మాత్రం పేరును తెలుగు లిపిలో, తాము పలికే వరసలో రాసుకోవచ్చు. ఈ చిన్నపని చేసిన సైట్లు నన్ను ఎప్పుడూ ఆపి చూసేలా చేస్తాయి. తెలుగు లిపిలో చిరునామా కావాలన్నా దారి ఉంది. ".భారత్" అన్న తెలుగు డొమైను ముగింపుకు 2011లో చోటు దొరికింది.

లిపి తెర మీదికి రావడం సులువుగా జరగలేదు. లిపులకు కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం మొదటి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు 128 స్థానాల గది కేటాయించారు. కానీ చాలాకాలం ఒక్కో పత్రిక సైటు ఒక్కో ఫాంటు దించుకోమనేది. ఒకరి ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చిగీతలు కనబడేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు రావడం, తర్వాత లాటిన్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెచ్చుకునే లేఖిని వంటి ఉపకరణాలు రావడం, కూడలి వంటి చోట్ల కొత్త రాతలన్నీ ఒకేచోట కనబడడం వల్ల 2005 తర్వాత తెలుగు బ్లాగులు గుంపుగా పుట్టాయి. అమెరికాలో ఉద్యోగం చేసుకునేవాళ్లు, హైదరాబాదులో చదువుకునేవాళ్లు, బడి పంతుళ్లు, గృహిణులు అందులో ఉన్నారు. మన భాషలో వ్యక్తిగత వెబ్‌కు అది మంచికాలం. తర్వాత చాలామంది ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. ఆనాటి రాతల్లో కొన్ని బ్లాగుల్లోనే తాళం వేసిన ఇళ్లలా ఉండిపోయాయి.

ఇప్పుడు ఫాంట్లకు కొదవలేదు. గూగుల్ ఫాంట్స్‌లో శ్రీకృష్ణదేవరాయల పేరుతో ఒకటి, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, సూరన, రామరాజ, రామభద్ర, తెనాలి రామకృష్ణ అంటూ అష్టదిగ్గజాల పేర్లతో ఎనిమిది ఉచితంగా దొరుకుతాయి. గిడుగు, గురజాడ, సురవరం పేర్లూ ఉన్నాయి. ఒక్కో అక్షరరూపానికి ఒక్కో స్వభావం. మల్లన నెమ్మదిగా చదివిస్తుంది. ధూర్జటి, లక్కిరెడ్డి అనే ఇంకో ఫాంటు శీర్షికలకు బాగుంటాయి, పేరాగ్రాఫులకు బరువెక్కుతాయి. శుభలేఖల్లో మనకు అలవాటైన బాపు రాతను తలపించే అక్షరాలు వాడితే చూసినవాళ్లు బాపునే తలుచుకుంటారు, సైటు యజమానిని కాదు.

తెలుగు పేజీ కట్టేవాళ్లు గుర్తుంచుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. లాటిన్ అక్షరాల కొలతతో పంక్తుల మధ్య దూరం పెడితే పై పంక్తి ఒత్తులు, కింది పంక్తి గుడులు ఒకదానికొకటి తగులుతాయి. కనుక దూరం పెంచాలి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సోకు ఇంగ్లిషు శీర్షికలకు నప్పుతుంది, తెలుగులో మాట చెదిరిపోతుంది. మన మాటలు పొడుగు కాబట్టి రెండు అంచులూ సమం చేస్తే మధ్యలో గుంటలు పడతాయి, ఎడమ అంచు ఒక్కటి సరిచేస్తే చాలు. మనకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు. ఒత్తి చెప్పాలంటే రంగు, పరిమాణం, బరువు వాడుకోవాలి. "వెబ్‌సైటు" అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు పెట్టకపోతే "వెబ్సైటు" అవుతుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటిస్తే చూపులేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరు తెలుగు గొంతు ఎంచుకోగలుగుతుంది.

అందరికీ అందడం, ఎంత చెప్పాలన్నది

వ్యక్తిత్వం పేరుతో చదవలేని రంగులు పెట్టడం అతిథిని గుమ్మంలోనే ఆపేయడం. వెబ్ అందుబాటు మార్గదర్శకాలు మొదట 1999లో వచ్చాయి. 2008 నాటి కూర్పు ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. బొమ్మలకు మాటల్లో వర్ణన, మౌసు లేకుండా కీబోర్డుతో తిరిగే వీలు, కదిలే బొమ్మలతో తలతిరిగే వాళ్లకు కదలిక ఆపుకునే వీలు కూడా కావాలి. పాత ఫోను, సన్నటి నెట్ కనెక్షను ఉన్న ఊళ్లోనూ పేజీ తెరుచుకోవాలి.

ఎంత చెప్పాలన్నదానికి జస్టిన్ హాల్ అనుభవమే పాఠం. పదకొండేళ్లు దాచకుండా రాసిన తర్వాత 2005 జనవరిలో ఆ రాత ఆపేశాడు. తన జీవితం రాయడమంటే తనకు దగ్గరైనవాళ్ల జీవితం కూడా రాయడమే, వాళ్లేమో దానికి ఒప్పుకోలేదు. ఇంటి చిరునామా, పిల్లల ఫొటోలు, ఫోను నెంబరు, రోజూ తిరిగే దారి పోర్ట్‌ఫోలియోలో పెట్టనక్కరలేదు. డొమైను కొన్నవాళ్ల చిరునామా ఒకప్పుడు ఎవరైనా చూడగలిగేలా ఉండేది. ఐరోపా గోప్యతా చట్టం 2018 మేలో అమలైన తర్వాత చాలావరకు అది దాగింది. ఉద్యోగంలో చేసిన పని చూపాలంటే యజమాని అనుమతి కావాలి. అది దొరకని చోట పని బొమ్మలు లేకుండా, ఎదురైన సమస్యను, నేర్చుకున్నదాన్ని మాత్రం రాస్తే సరిపోతుంది.

ఆయుష్షు

ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్కవేస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు తెరుచుకోవడం లేదు. వ్యక్తిగత సైట్లు పోవడానికి కారణాలు మామూలువే. డొమైను అద్దె కట్టడం మరిచిపోవడం, చోటిచ్చిన కంపెనీ మూతపడడం, సైటు యజమాని కాలంచేయడం. డాట్ కామ్ వంటి డొమైనును ఒక విడతలో పదేళ్లకు మించి తీసుకోవడం కుదరదు. గడువు దాటిన పేరును ఇంకెవరైనా కొని జూదం ప్రకటనలకు వాడుకోవచ్చు. అందుకే డొమైను ఎక్కడ కొన్నారో, తాళం మాట ఎక్కడ ఉందో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి. ఫైళ్ల ప్రతి ఒకటి సొంత కంప్యూటరులో ఉంచుకోవాలి. 1996లో బ్రూస్టర్ కేల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు పేజీ చిరునామా ఇస్తే ప్రతి తీసి దాచిపెడుతుంది, రుసుము అడగదు.

సాదా హెచ్‌టీఎంఎల్‌లో కట్టిన సైట్లు ఎక్కువకాలం నిలుస్తున్నాయి. వాటిని నడపడానికి డేటాబేసు, ఎప్పటికప్పుడు మార్చాల్సిన ప్లగిన్లు అక్కర్లేదు. సెర్న్ తన తొలి పేజీని 2013లో పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టింది, ఇప్పటి ఫోనులోనూ అది చక్కగా తెరుచుకుంటుంది. జస్టిన్ హాల్ విద్యార్థిగా రాసిన పేజీలూ అతని సైటులో ఉన్నాయి. ఏదో ఒక పదం మీద నొక్కితే ఇంకో గది తలుపు తెరుచుకుంటుంది.